షెడ్డు మొత్తం మూడో అంతస్తుకు ఎక్కుతుందా?

చిత్తూరు కట్టమంచి నుంచి ఒక పెద్దాయన నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, వయసు 62. అద్దె ఇంటి పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని ఏళ్ల తరబడి చెక్కపని చేస్తున్నారు. పప్పుగుత్తులు, చపాతీ కర్రలు, బొంగరాలు, పిల్లల బండ్లు, దసరా కొలువుకు బొమ్మలు చేసి, అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేస్తారు.

ఇంటి ఓనరు పాతిల్లు పడగొట్టి మాఘమాసంలో కొత్తదానికి ముగ్గు పోయాలనుకుంటున్నాడు. సంక్రాంతి లోపు ఖాళీ చేయమన్నాడు. కొడుకు తిరుపతిలో, తిరుచానూరు రోడ్డు పక్కన ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తు ఫ్లాటు కొన్నాడు. అమ్మానాన్నలను అక్కడికే రమ్మంటున్నాడు. భార్యకు మోకాళ్ల నొప్పులు, తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆస్పత్రిలో చూపిస్తున్నారు. ఆమె కార్తికంలోనే పాలు పొంగించి దిగిపోవాలంటోంది.

చిక్కంతా షెడ్డుతోనే. చెక్కను గిర్రున తిప్పుతూ చెక్కే పోత ఇనుము లేత్ మిషన్ ఒక్కటే స్టాండుతో కలిపి 280 కిలోలు. 3 హెచ్‌పీ రంపం మిషన్, రందా మిషన్, గ్రైండరు, బెంచ్ వైస్, నూనె డబ్బాల్లో మేకులు, స్క్రూలు, వార్నిష్, థిన్నర్, ఇవి కాక గోడ పొడవునా పేర్చిన టేకు, వేప, వేగిస, మామిడి చెక్కలు 40 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) పైనే. "పాత ఇనుమంతా కాటాకు వేసేద్దాం నాన్నా, బొమ్మలు కావాలంటే కొనుక్కుందాం" అంటాడు కొడుకు. "నీ షెడ్డు నీకు, నా మోకాళ్లు నాకు" అంది భార్య, ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. ఫ్లాటులో ఖాళీగా ఉన్న మూడో బెడ్‌రూములో మిషన్లు, బాల్కనీలో చెక్కలు పెట్టుకుంటే సరిపోతుందా, లేక అంతా అమ్మేయాలా అన్నది ఆయన ప్రశ్న. చివర్లో ఇంకో మాట రాశారు. కొలువులో జంటగా పెట్టే మరపాచి బొమ్మలు చేద్దామని, ఎప్పుడో పని నేర్పిన ఒక ముసలి శిల్పి ఇచ్చిన మోచేతి పొడవు ఎర్రచందనం ముక్కలు రెండున్నాయట. బిల్లు గానీ కాగితం గానీ లేదట.

అన్నగారూ, మీరు ఆఖర్న రాసిన ఆ రెండు ముక్కల సంగతి ముందు మాట్లాడతాను. మిగతావన్నీ తీరిగ్గా తేల్చుకోవచ్చు, ఇది మాత్రం బండి మాట్లాడకముందే తేలాలి.

ఎర్రచందనం మన శేషాచలం చుట్టుపక్కల కొండల చెట్టు. దాని కోసం తిరుపతి కేంద్రంగా ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్సే ఉంది. 2016లో రాష్ట్రం అటవీ చట్టాన్ని సవరించి శిక్షలను చాలా కఠినం చేసింది. కాగితం లేని ముక్క చిన్నదా పెద్దదా, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అనేవన్నీ తర్వాత మీరు వివరించుకోవలసిన విషయాలు. రోడ్డు మీద బండి ఆపినవాళ్లకు కనపడేది దుంగే. పైగా అటవీ నేరంలో పట్టుబడిన వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం కూడా చట్టంలో ఉంది. బండి నడిపే అతనికి అదే బతుకుతెరువు. పాత పరుపుల మధ్య చుట్టి తీసుకుపోదామన్న ఆలోచన మీకు వచ్చి ఉంటే అతని ముఖం ఒకసారి తలుచుకోండి. అలాగని ఎవరికో అంటగట్టడం, రాత్రికి రాత్రి కాల్చేయడం కూడా వద్దు. ముందు చిత్తూరులో ఒక వకీలుతో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన సలహాతో, ఆయన్నే వెంటబెట్టుకుని అటవీశాఖ ఆఫీసుకు వెళ్లండి. అప్పగించేయాల్సి వస్తుందేమో, మనసు కష్టపెట్టుకుంటారని తెలుసు. అయినా ఆ శిల్పి గుర్తుగా మీ చేతిలో ఆయన నేర్పిన పని ఉంది. పనిలో పనిగా టేకు, వేగిస లాంటివి జిల్లా దాటించడానికి పర్మిట్ కావాలా అని కూడా అక్కడే అడిగేయండి. 2022 నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది కదా. కొన్న బిల్లులు ఏవి దొరికితే అవి ఒక కవర్లో పెట్టుకోండి.

ఇక బరువు లెక్క. ఉత్తరం నిండా మిషన్ల గురించే బెంగపడ్డారు గానీ, మీ షెడ్డులో అన్నిటికన్నా బరువైనవి చెక్కలు. ఆరిన టేకు ఒక సీఎఫ్‌టీ సుమారు 18 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 40 సీఎఫ్‌టీ అంటే 720 కిలోలు. వేగిస అంతకన్నా బరువు, పచ్చి ఆరని చెక్కయితే చెప్పనే అక్కర్లేదు. లేత్, రంపం, రందా, మేకుల డబ్బాలు అన్నీ కలిపితే మొత్తం ఒకటిన్నర టన్ను దాకా వస్తుందని నా అంచనా.

మనం ఉండే ఇళ్ల శ్లాబును, మనుషులూ సామాన్ల బరువు కింద చదరపు మీటరుకు 200 కిలోలు మోసేలా లెక్కగట్టడం మన దేశంలో ప్రమాణం. పది బై పది గది తొమ్మిది చదరపు మీటర్ల పైన ఉంటుంది కాబట్టి 1,800 కిలోలు మోస్తుంది కదా, నాది ఒకటిన్నర టన్నే కదా అని మీరు వెంటనే గుణిస్తారు, మెకానిక్ బుర్ర కదా. ఆ లెక్క బరువు గదంతా సమంగా పరిచినప్పటిది. టేకు చెక్కలను గోడవారగా మీటరు ఎత్తు పేరిస్తే ఆ కింద చదరపు మీటరు మీద 650 కిలోలు పడుతుంది, అంటే మూడింతలకు పైనే. బాల్కనీ అయితే గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన శ్లాబు. దాని అంచున చెక్కలు పేర్చడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి. లేత్ ఒక్కటీ లోపలి గదిలో, కింద బీమ్ ఉన్న గోడ పక్కన, కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ వేసి పెడితే ఒప్పుకోవచ్చునేమో, ఆ మాట బిల్డింగు డ్రాయింగు చూసిన ఇంజనీరు చెప్పాలి. బిల్డరును అడిగితే డ్రాయింగు ఇస్తారు. ప్లైవుడ్ లేకుండా పెడితే శ్లాబు సంగతి తర్వాత, టైలు మొదటిరోజే పగులుతుంది.

లిఫ్టుకూ ఇంతే. ఆరుగురి లిఫ్టు 408 కిలోలకు చేసింది, మనిషికి 68 కిలోల చొప్పున. 280 కిలోల లేత్, దాన్ని పట్టుకున్న ముగ్గురు మనుషులు కలిపితే అప్పుడే దాటిపోయింది. కాబట్టి విప్పి తీసుకెళ్లాల్సిందే.

బరువు ఎలాగోలా సర్దినా గదిలో పని సాగదు. లేత్ మోటారు 1 హెచ్‌పీ అని రాశారు. అది సుమారు ఇస్త్రీ పెట్టె అంత కరెంటే తీసుకుంటుంది, దాంతో ఇబ్బంది లేదు. రంపం మిషన్‌కు త్రీ ఫేజ్ కావాలి, ఫ్లాటులో అది ఉందో లేదో చూసుకోవాలి. అసలు అడ్డంకి దుమ్ము. మీ మనవరాలికి ఎనిమిది నెలలని రాశారు. చెక్కను సాన పట్టేటప్పుడు లేచే సన్నటి పొడి కంటికి కనపడకుండా గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో ఎప్పుడో చేర్చింది. పెరట్లో రేకుల షెడ్డుకు నాలుగు వైపులా గాలి కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది. తలుపు వేసుకున్న బెడ్‌రూములో, పక్క గదిలో పసిబిడ్డ ఉండగా మిషన్ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం. థిన్నర్, వార్నిష్ డబ్బాలను కూడా ఫ్లాటులోకి తీసుకురావద్దు, సామాన్ల బండిలో మూసిపెట్టి తీసుకెళ్లనూ వద్దు. తెరిచినవి చిత్తూరులోనే ఎవరైనా పాలిష్ పనివాళ్లకు ఇచ్చేయండి.

అలాగని కాటాకు వేయమని మీ అబ్బాయి అన్నమాటను సమర్థిస్తున్నానని అనుకోకండి. పోత ఇనుము లేత్‌ను కాటాకు వేస్తే ఇనుము ధరే వస్తుంది. నడిచే మిషన్‌గా అమ్మితే దానికి వేరే ధర, వేరే మర్యాద. మీ ముందున్న దారులు నాకు కనపడినంతలో చెబుతాను.

తిరుపతిలోనే ఊరి చివర, కరకంబాడి రోడ్డు వైపో రేణిగుంట రోడ్డు వైపో, కింది గది ఒకటి అద్దెకు తీసుకోవడం ఒక దారి. మిషన్లన్నీ మీతోనే ఉంటాయి, దుమ్మూ చప్పుడూ ఇంట్లోకి రావు, రోజూ పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. నెలనెలా అద్దె, త్రీ ఫేజ్ కావాలంటే దాని ఖర్చు, మీ పెన్షన్‌లోంచే పోతుంది. ఇంకో సంగతి, మీరు అటు వెళ్లిన గంటల్లో మీ ఆవిడకు మెట్లు దిగాల్సిన పని పడితే పక్కన ఎవరుంటారో ఆలోచించారా? కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తారని మీరే రాశారు.

అపార్టుమెంటు సెల్లారులో మీ పార్కింగు జాగా మూలన పెట్టుకోవడం ఇంకొకటి. దీనికి అసోసియేషన్ ఒప్పుకోవాలి, కరెంటు మీ మీటరు నుంచే లాగాలి. ఒప్పుకున్నా ఒక భయం ఉంది. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులు ఏరులై పారడం మీకు గుర్తుండే ఉంటుంది. నీళ్లు ముందు చేరేది సెల్లార్లలోకే. మోటారు మునిగితే చుట్టించుకోవచ్చు, లేత్ బెడ్ మీద, అంటే భాగాలు జరిగే ఆ ఇనుప పట్టా మీద, తుప్పు గుంటలు పడితే మళ్లీ ఆ నునుపు రాదు. పెట్టేట్టయితే మోకాలెత్తు దిమ్మె కట్టించి దాని మీదే పెట్టండి.

చిత్తూరులోనే మీ పని తెలిసిన కార్పెంటరు దగ్గర లేత్ ఉంచి, నెలకు రెండుమూడుసార్లు వెళ్లి చేసుకోవడం మూడోది. డెబ్బై కిలోమీటర్ల దూరం, బస్సులు బోలెడు. మిషన్ ఖాళీగా ఉండదు, అతనికీ ఆసరా. అయితే ఏడాది తిరిగేసరికి అది అతని మిషన్ అయిపోతుంది, మీరు చుట్టంలా వెళ్తారు. దానికి మీ మనసు సిద్ధపడితేనే ఇది మంచిది.

లేత్‌ను మంచి చేతుల్లోకి అమ్మేసి, ఆ డబ్బులో కొంతపెట్టి 40 కిలోల లోపు బల్ల మీది చిన్న లేత్ కొనుక్కోవడం ఇంకో దారి. పెద్ద గిన్నెలు, మంచం కోళ్లు దీని మీద చేయలేరు. బొంగరాలు, చపాతీ కర్రలు, కొలువు బొమ్మలు బాగానే వస్తాయి. మీరు ఊరందరికీ ఇచ్చేవి ఇవే కదా. టెర్రస్ మీద రేకు నీడ దొరికితే, అసోసియేషన్ సరేనంటే, పొద్దుటి పూట అక్కడ నడుపుకోవచ్చు, మూతికి మంచి మాస్కు కట్టుకుని. రంపం, రందా పని కావలసినప్పుడు సామిల్లులో చెక్క కోయించుకుంటే సరిపోతుంది. నాకైతే ఇది, లేదంటే అద్దె గది, ఈ రెంటిలో ఒకటి మీకు సరిపడుతుందనిపిస్తోంది. చెక్కలు ఎన్ని మిగులుతాయో చూశాక ఏదో ఒకటి దానంతటదే తేలుతుంది.

అందుకే చెక్కల దగ్గర కొంచెం ఆగుతాను. వాటిని ఒక్కొక్కటీ ఎక్కడినుంచి వచ్చిందో రాశారు, కొట్టేసిన మామిడిచెట్టు, ఎవరిదో పడగొట్టిన ఇంటి టేకు దూలం. వాటిని చూస్తే మీకు చేయబోయే వస్తువులు కనిపిస్తాయి. మీ అబ్బాయికి చెక్కలు కనిపిస్తాయి. ఒక దాన్ని వదిలేయడమంటే ఆ వస్తువు ఇక చేయనని మీకు మీరే చెప్పుకోవడం, అందుకే చెయ్యి ఆడటం లేదు. ఇది కష్టమే, దీన్ని తేలిక చేసే ఉపాయం నా దగ్గర లేదు. ఒక పద్ధతి మాత్రం చెప్పగలను. సుద్దముక్క తీసుకుని ప్రతి చెక్క మీదా అది ఏమవుతుందో, ఎవరికో రాయండి. 'మనవరాలి నడక బండి' అనో, 'కొలువు దశావతారాలు' అనో. పేరు రాయలేని చెక్కను తీసుకెళ్లకండి. చిత్తూరులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లుంటారు, వాళ్లకు అందిన చెక్క వృథా పోదు.

రాసేటప్పుడు ప్రతిదాన్నీ తిరగేసి, నేల మీద తెల్ల కాగితం పరిచి దాని మీద గట్టిగా తట్టండి. గుండుసూది తలకాయంత రంధ్రాల్లోంచి గోధుమపిండిలాంటి సన్నటి పొడి రాలితే అందులో పురుగు బతికే ఉంది. దాన్ని ఎంత ఇష్టమైనా ఫ్లాటులోకి తీసుకెళ్లొద్దు, కొత్త వార్డ్‌రోబులకు అంటుకుంటుంది. అలాంటిది ఎవరికీ ఇవ్వనూ వద్దు.

తేదీల విషయంలో మీరు అన్నిటినీ ఒకే బండికి ఎక్కించాలని చూస్తున్నారు. అదే మిమ్మల్ని ఊపిరాడకుండా చేస్తోంది. మీ ఆవిడ అడిగినట్టే కార్తికంలో పాలు పొంగించి ఇల్లు మారండి. డిసెంబరు మధ్య నుంచి ధనుర్మాసం, అప్పుడు ఎలాగూ ఇల్లు మారరు. ఈశాన్య రుతుపవనాల వానలు కూడా అప్పటిదాకా ఉంటాయి, పోత ఇనుమునూ ఆరిన చెక్కనూ ఆ వానల్లో తరలించడం మంచిది కాదు. ఓనరు ముగ్గు పోసేది మాఘంలో కదా. షెడ్డుకు మాత్రం విడిగా అద్దె ఇస్తాను, సంక్రాంతి వెళ్లిన వారానికి తాళం చేతిలో పెడతానని అడిగి చూడండి. ఇల్లు ముందే ఖాళీ అయితే ఆయనకూ ఊరటే. ఒప్పుకోకపోతే మాత్రం చెక్కల లెక్క ఇప్పుడే మొదలుపెట్టాలి.

తరలించే రోజు మామూలు ఇంటి సామాన్లు మోసేవాళ్లను లేత్ దగ్గరికి రానివ్వకండి. బరువులెత్తే చైన్ బ్లాకు, దొర్లించే పైపులు ఉన్న మిషన్ల మనుషులను చిత్తూరులో మీ గ్యారేజీ స్నేహితులే చూపిస్తారు. మోటారు, చెక్కను రెండు కొసలా పట్టే హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ విడదీసి, వైర్లు విప్పేముందు ఫోనులో ఫొటో తీసి, ఏ నట్లు ఆ భాగానికే సంచిలో వేసి కట్టండి. చెక్కను తిప్పే స్పిండిలుకు తాడు వేసి ఎత్తనివ్వొద్దు. పోత ఇనుము వంగదు, పగులుతుంది, పగిలితే అతికించే వెల్డర్లు అరుదు. బెడ్‌కు గ్రీజు పూసి కాగితం చుట్టండి. టాటా ఏస్ మోసేది ముప్పావు టన్ను దాకానే కాబట్టి రెండు ట్రిప్పులకు లెక్క వేసుకోండి, బరువైనవి క్యాబిన్ వైపు, అడుగున. నూనె డబ్బా నిండా మేకులు పోస్తే 60 కిలోలవుతుంది, పావు వంతు చాలు. వీటిలో ఏదీ మీరు స్వయంగా ఎత్తకండి. ఇంట్లో ఇద్దరికీ మోకాళ్లు పోతే చూసేవాళ్లెవరు?

మీ ఆవిడ మాట దగ్గరికి వస్తాను. నాలుగు పేజీల్లో ఆమె మోకాళ్లకు ఒక్క వాక్యం దక్కింది. నొచ్చుకోకండి, ఉత్తరం చదివిన నాకే అనిపించిందంటే, పక్కనే ఉన్న ఆమెకు ఎన్నాళ్లుగా అనిపిస్తుందో. ఆమె షెడ్డు వద్దనలేదు. తన నొప్పి గురించి కూడా ఎవరైనా ఇంత లెక్కలు వేస్తే బాగుండుననుకుంటోంది. లేత్ సంగతి ఎత్తకుండా ఒకరోజు ఆమెతో కూర్చోండి. కొత్త ఇంట్లో బాత్రూములో పట్టుకునే కడ్డీ కావాలా, దేవుడి పీట ఎంత ఎత్తుంటే కూర్చోవడం తేలిక, వంటింట్లో కూర్చుని కూరలు తరుక్కునే స్టూలు ఎలా ఉండాలి, ఇవి అడగండి. కొలత తీసుకుని మీరే చేసివ్వండి, కార్తికం లోపే, ఆ షెడ్డులోనే.

కోడలిని కూడా విడిగా అడగండి. ఆ మూడో గది గురించి ఆమెకు ఏం ఆలోచన ఉందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వాళ్లమ్మ పాప కోసం వచ్చి ఉండే గది కావచ్చు.

మీ అబ్బాయిని ఒప్పించాలని ఫోనులో వాదన పెట్టుకోవద్దు. అప్పు చేసి కొన్న ఫ్లాటు, అప్పుడే దిగిన కొత్త ఇరుగుపొరుగు, అతని భయం అతనిది. ఒక ఆదివారం చిత్తూరు రమ్మని, సుద్దతో రాసిన చెక్కలనూ పక్కన పెట్టేసిన వాటినీ చూపించండి. బరువుల కాగితం చేతికివ్వండి. ఇది ఉంటుంది, ఇది అమ్ముతున్నాను, దీనికి చోటెక్కడో నువ్వూ నేనూ కలిసి వెతకాలి అని చెప్పండి. కాటాకు వేసేద్దామన్న మనిషికి అక్కడ చేయడానికి ఒక పని దొరుకుతుంది. తిరుపతిలో అద్దె గదులు చూడటం, బిల్డరు దగ్గర డ్రాయింగు తేవడం, అసోసియేషన్‌లో మాట కదపడం, ఇవి మీకన్నా అతనికే తేలిక.

వకీలు దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లండి.